641ని ఎందుకు దాచావు?

చిరంజీవికి ఆశీస్సులు.

4294967297 మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష శుభ్రంగా ఉంది. కానీ రెండో పేజీకి వచ్చేసరికి నాకు కోపం వచ్చింది. బేసి సంఖ్య, పది అంకెలు, అంకెల మొత్తం 59, కారణాంకాలు 641, 6700417... ఇలా జాబితా చదివినట్టు చెప్పుకుపోయావు. చదివేవాడికి పెన్సిల్ పట్టుకోవాలనిపించే వాక్యం ఒక్కటీ లేదు. గణితం గురించి రాసేవాడు లెక్కను పాఠకుడి చేత చేయించాలి. ఇది నేను ఎవరికైనా చెప్పే మాటే.

2ని 1, 2, 4, 8, 16 సార్లు వేసి గుణించి, ప్రతిసారీ 1 కలుపు: 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరసలో వచ్చేవన్నీ అంతేనని, రుజువు దొరక్కపోయినా, 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఆరోది నీ సంఖ్య: 2ని 32 సార్లు వేసి గుణించి, 1 కలిపితే వచ్చేది. 1729లో గోల్డ్‌బాక్ ఉత్తరం రాసి సాటి గణితవేత్త ఆయిలర్‌కి ఈ మాట గుర్తుచేశాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపించాడు. తొంభై ఏళ్ల నమ్మకం బడిపిల్లలు చేసే భాగహారంతో పోయింది!

మరి 641 ఎక్కడిది? ఈ సంఖ్యకు కారణాంకం ఏదున్నా, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాలి. తర్వాత ఆయిలరే దీన్ని రుజువు చేశాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆపైన 641. ఐదోదానికే దొరికిపోతుంది. ఇంత సరదాని నువ్వు ఒక్క 'కాబట్టి'లో దాచేశావు. భాగహారం కూడా అక్కర్లేని దారి ఇంకొకటుంది: 641 అంటే 5×128+1, మళ్లీ 641 అంటే 625+16. ఈ రెండూ పక్కపక్కన రాసుకుని కాసేపు కూర్చో.

నా తొలిరోజుల్లో ఈ రుజువుతోనే ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. సంపాదకుడు రుజువంతా కొట్టేసి, 'వింత సంఖ్య' అని బాక్సు కట్టి వేశాడు. లెక్క కనబడితే పాఠకుడు పేజీ తిప్పేస్తాడట! అప్పట్లో నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ బతికేవాణ్ణి. అక్కడ అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటర్ నా చిత్తుప్రతి చూసి, టీ పక్కన పెట్టి, రద్దు కాగితం మీద భాగహారం మొదలెట్టాడు. శేషం సున్నా వచ్చిందాకా లేవలేదు. పాఠకుడికి ఏం కావాలో సంపాదకులు చెబితే ఆనాటి నుంచి నేను వినడం మానేశాను. ఇప్పటి 'మీకు తెలుసా?' శీర్షికలు కూడా ఆ బాక్సు సంతానమే. నువ్వు వాటి దారి పట్టకు.

ఏ పత్రికకు పంపాలో, పారితోషికం ఎంతిస్తారో అడిగావు. అవి తర్వాత. 6700417 ప్రధాన సంఖ్య అని ఒక్క ముక్కలో తేల్చేశావే, ముందు అది చూడు. దాని వర్గమూలం 2588 దాటి కొంచెం. దాని కారణాంకం ఏదైనా నీ సంఖ్యకూ కారణాంకమే, 641కి ముందువి ఎలాగూ పోయాయి; కాబట్టి పై నియమం ప్రకారం పరీక్షించాల్సినవి 641, 769, 1153, 1217, 1409, 1601, 2113, అంతే. ఏడు భాగహారాలూ చేత్తో చేసి, ఆ కాగితం కూడా వ్యాసంతో పాటు పంపు.