గుడ్డిగా దిద్దే బబుల్‌కు ఎంత కోత పెట్టాలి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

విజయవాడలో మీ కాలేజీ వారాంతపు పరీక్షల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. పిల్లలు తెలిసినా తెలియకపోయినా జవాబు పత్రంలో ఏదో ఒక గుండ్రం, అదే బబుల్, దిద్దేస్తున్నారనీ, తప్పుకు రెండు మార్కులు కోస్తే దారికి వస్తారని మీ ప్రిన్సిపాల్ గారు అంటున్నారనీ రాశావు. ఆ పని మాత్రం చేయవద్దమ్మా.

ముందు లెక్క చూడు. అరవై బిట్లు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, నాలుగు మార్కులు అనుకుందాం. పుస్తకం తెరవని కుర్రవాడు అన్నీ గుడ్డిగా దిద్దినా సగటున పదిహేను తగులుతాయి. కోత లేకపోతే 60 మార్కులు అప్పనంగా వచ్చినట్టే. నీట్, జేఈఈ మెయిన్ పద్ధతిలో తప్పుకు ఒక మార్కు తీసేస్తే 45 పోయి 15 మిగులుతాయి. అంటే ఆ పరీక్షల్లో కూడా గుడ్డి దెబ్బకు కొంత లాభం ఉంది. అది సున్నా కావాలంటే బిట్ మార్కులో మూడో వంతు కోయాలి. సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఉన్నది ఆ మూడో వంతే. ఆప్షన్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, మిగిలిన దానితో బిట్ మార్కును భాగిస్తే ఎంత కోయాలో తెలుస్తుంది. ఐదు ఆప్షన్లుంటే పావు వంతు చాలు. తప్పా ఒప్పా అని అడిగే బిట్‌కు ఆ లెక్కన మార్కంతా కోయాల్సి వస్తుంది కాబట్టి అలాంటి బిట్లు అసలు ఇవ్వకు.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గారి మైనస్ రెండు సంగతి. నాలుగింటిలో ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తేల్చుకున్న పిల్ల మిగతా మూడింటిలో ఒకటి దిద్దిందనుకో. మూడుసార్లలో ఒకసారి నాలుగు వస్తాయి, రెండుసార్లు రెండేసి పోతాయి. చివరికి మిగిలేది సున్నా. ఆమెకు తెలిసిన కాస్తకు విలువ లేకుండా పోయింది! అదే మైనస్ ఒకటైతే మూడు బిట్లకు రెండు మార్కులు మిగిలేవి. ఏమీ తెలియనివాడికి ఏమీ దక్కకూడదు, కొంత తెలిసినవాడికి కొంత దక్కాలి. కోత పెట్టేది ఇందుకే తప్ప భయపెట్టడానికి కాదు. ఈ లెక్కే ఆయన ముందు కాగితం మీద వేసి చూపించు, కాదనరు.

నీట్, జేఈఈ బ్యాచ్‌లకు అసలు పరీక్షలో ఎంత కోత ఉందో అంతే పెట్టు. ఈఏపీసెట్ బ్యాచ్‌కు అసలు పెట్టకు. అక్కడ 160 బిట్లకూ నెగెటివ్ లేదు కాబట్టి ఒక్క బిట్ కూడా ఖాళీగా వదలకూడదని ఆ పిల్లలకు గట్టిగా చెప్పు. పాఠం ఎంత ఎక్కిందో తెలుసుకోవడానికి పెట్టే చిన్న పరీక్షల్లో మాత్రం మూడో వంతు కోత మేలు. ఏ పరీక్షకు ఏ కోతో ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే అచ్చు వేయించు. పరీక్ష అయ్యాక నిబంధన మార్చడమంత అన్యాయం మరొకటి లేదు.

మార్కుల జాబితాలో మొత్తం ఒక్కటే వేయకు. ఒప్పు, తప్పు, ఖాళీ అని మూడు గడులు పెట్టించు. ఇద్దరికి 100 మార్కులే రావచ్చు. ఒకరివి 25 ఒప్పులు, 35 ఖాళీలు. ఇంకొకరివి 32 ఒప్పులు, 28 తప్పులు. వీళ్లిద్దరికీ చెప్పాల్సిన మాట ఒకటి కాదు. వీలైతే కొన్ని ఓఎంఆర్ షీట్లు స్వయంగా తిరగెయ్యి. మొదటి నలభై బబుల్స్ అటూ ఇటూ చెదిరి ఉండి, ఆపైన సి గడిలో నల్లని చుక్కలు తాడు కట్టినట్టు నిలువునా దిగితే, ఆ పిల్లవాడికి సమయం చాలలేదన్నమాట. వాడిని తిట్టి లాభం లేదు, గడియారం చూసుకుంటూ రాయడం నేర్పాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది భయస్తుల సంగతి. కోత అనగానే తెలిసినవి కూడా వదిలేసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. తెలివి తక్కువై కాదు, ధైర్యం చాలక. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు కోసేవారు. 2016లో దాన్ని ఎత్తేశారు. మన పరీక్షల్లో కోత ఉంది కాబట్టి పిల్లలకు ఆ ధైర్యం మనమే ఇవ్వాలి. ఖాళీలు ఎక్కువున్న వాళ్లను విడిగా పిలిచి, వదిలేసిన బిట్లు నోటితో అడుగు. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే తప్పక దిద్దమను. మైనస్ ఒకటి ఉన్నా అక్కడ సగటున బిట్‌కు ఒకటిన్నర మార్కు వస్తుందని వాళ్ల చేతే లెక్క వేయించు.

ఇంకొక్క మాట. మైనస్‌లోకి వెళ్లిన మార్కులను నోటీసు బోర్డులో పెట్టనివ్వకు, ఇంటికి మెసేజ్‌గానూ పంపనివ్వకు. హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండే పిల్లలమ్మా వాళ్లు. ఆ కాగితం నువ్వే వాళ్ల చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడు.

మొదటి పేపరు సిద్ధం కాగానే పంపు, ఆప్షన్లు చూసి పెడతాను.

మీ మాస్టారు