లేజర్‌కు ముందు కార్నియా కొలతలు: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలిని మామయ్య ఆశీర్వదించి గుంటూరు నుంచి వ్రాయునది.

నువ్వు విజయవాడలో కంటి ఆసుపత్రిలో కళ్లజోడు అవసరం తప్పించే లేజర్ విభాగంలో చేరావని, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) కొలతలన్నీ నీ చేతి మీదుగానే వెళుతున్నాయని అక్కయ్య చెప్పింది. ఆపరేషన్ చేసేది డాక్టరుగారే అయినా ఆయన లెక్క కట్టేది నువ్వు తీసిన అంకెల మీద కాబట్టి, ఈ పనిలో నాకు ముఖ్యమని తోచినవి రాస్తున్నాను. మెషీన్ నడపడం కంపెనీవాళ్లు వచ్చి నేర్పుతారు. కొలతకు సిద్ధంగా లేని కంటిని ఆ రోజుకు కొలవకుండా తిప్పి పంపడం మాత్రం నీ అంతట నువ్వు నేర్చుకోవలసిందే.

అన్నిటికంటే ముందు కాంటాక్ట్ లెన్సుల సంగతి తేల్చుకో. లెన్సు కింద కార్నియా ఆకారం కొంత మారి ఉంటుంది, తీయగానే మామూలుకు రాదు. సాఫ్ట్ లెన్సులు మాని ఒకటి రెండు వారాలు, గట్టి లెన్సులైతే కనీసం మూడు నాలుగు వారాలు గడవాలి. గట్టివి ఏళ్ల తరబడి వాడినవారికి అదీ చాలకపోవచ్చు గనుక, కొద్ది రోజుల తేడాతో తీసిన రెండు మ్యాపులు (కార్నియా ఆకారాన్ని రంగుల్లో చూపే చిత్రాలు) ఒకేలా వచ్చేదాకా ఆగడం మంచిది. ‘లెన్సులు వాడుతున్నారా’ అని అడిగితే ‘మానేశానండి’ అంటారు. ‘చివరిసారి ఎప్పుడు పెట్టుకున్నారు’ అని అడుగు, మొన్న పెళ్లిలో ఒక్క పూట పెట్టుకున్న సంగతి అప్పుడు బయటపడుతుంది. పెళ్లిచూపులు దగ్గర పడ్డాయని తొందరపెట్టే తల్లులు నీకు రోజూ తగులుతారు. వారితో మర్యాదగా మాట్లాడు, తేదీ మాత్రం మార్చకు.

మా మిర్చి యార్డు వైపు నుంచి వచ్చేవారిని కళ్లు నలుపుకునే అలవాటు ఉందా అని తప్పక అడుగు. ఘాటుకు మంట పుట్టి నలిపేవారు కొందరైతే, అలర్జీతో చిన్నప్పటి నుంచి నలిపేవారు కొందరు. ఈ అలవాటుకూ, కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బుకూ సంబంధం ఉంది. ఆ జబ్బు పైకి తేలకముందు లేజర్ చేస్తే, అసలే బలహీనమైన కార్నియా ఇంకా పలచబడి ముందుకు ఉబ్బుతుంది. కంటి మీద వెలుగు వలయాలు పడేసి ఆకారం కొలిచే టోపోగ్రఫీ కార్నియా ముందు తలాన్ని మాత్రమే చూపుతుంది, తొలి మార్పు తరచు వెనుక తలంలో ఉంటుంది. అందువల్ల పెంటాకామ్ వంటి మెషీన్ మీద రెండు తలాలూ చూడాలి. మ్యాపులో ఎరుపు కనిపించగానే బెదరవద్దు, పచ్చగా ఉందని నమ్మనూ వద్దు. రంగుల స్కేలు మారిస్తే అదే కన్ను వేరుగా కనిపిస్తుంది, కాబట్టి ముందు స్కేలు చదువు.

మ్యాపులన్నీ చుక్కల మందు వేయకముందే, కంటి ప్రెషర్ చూడకముందే తీయాలి. మందు పడినా, ఏదైనా పరికరం తగిలినా కన్నీటి పొర చెదిరి మ్యాపు తప్పుతుంది. గడ్డం, నుదురు రెండూ ఆనించి తల వాలకుండా కూర్చోబెట్టు, లేకపోతే సిలిండర్ పవర్ ఏ కోణంలో ఉందో చెప్పే యాక్సిస్ మారిపోతుంది. రెండుసార్లు నిండుగా రెప్ప వేయించి, కన్ను తెరిచిన వెంటనే తీయి. రెప్పను నువ్వు ఎత్తవలసి వస్తే నీ వేలు కనుగుడ్డును నొక్కకూడదు. కనీసం మూడుసార్లు తీసి, ఒకదానితో ఒకటి కలిస్తేనే డాక్టరుగారికి పంపు.

కార్నియా మందం విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఏటవాలుగా తగిలినా, మధ్య నుంచి పక్కకు జరిగినా అంకె అసలు కంటే ఎక్కువగా వస్తుంది, ప్రమాదమంతా ఆ ఎక్కువలోనే ఉంది. మైనస్ 8 పవర్ ఉన్న కన్ను తీసుకో. 6 మిల్లీమీటర్ల వెడల్పున ఒక్కో పవర్‌కు స్థూలంగా 12 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చొప్పున 96 మైక్రాన్లు లేజర్‌కు పోతాయి, లేజర్‌కు ముందు పైన మూతలా లేపే పలచని పొర, అంటే ఫ్లాప్‌కు 110. నువ్వు మందం 520 అని రాస్తే 314 మిగులుతుంది. నిజంగా ఉన్నది 490 అయితే మిగిలేది 284. ఫ్లాప్ కింద 250కి తగ్గకూడదన్నది పాత నియమం, ఇప్పుడు చాలామంది 300 ఉండాలంటారు. ఫ్లాప్, లేజర్ కలిపి మొత్తం మందంలో 40 శాతానికి చేరితే ముప్పు పెరుగుతుందన్న లెక్కలో చూసినా, 520కి అది 39.6, 490కి 42. లేజర్ చేయవచ్చా కూడదా అన్నది ఆ 30 మైక్రాన్ల మీదే తేలిపోయింది. నిద్ర లేవగానే కార్నియా కొంచెం ఉబ్బి ఉంటుంది కనుక లేచిన వెంటనే పరుగున వచ్చినవారిని ఒకటి రెండు గంటలు ఆగమను.

ప్రింటు తీసేముందు పేరు, పుట్టిన తేదీ, కుడి ఎడమలు మరోసారి సరిచూసుకో; ఒకే పూట ఇద్దరు వెంకటేశ్వరరావులు రావడం మన ఊళ్లలో వింత కాదు. ఒక ప్రతి పేషెంటు చేతికిచ్చి, కళ్లజోడు పోయినా ఈ కాగితం పారేయవద్దని చెప్పు. ముప్పై ఏళ్ల తర్వాత శుక్లం వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్సు పవర్ లెక్కకు లేజర్‌కు ముందున్న ఈ కొలతలు అక్కరకొస్తాయి, లేజర్ చేసిన కంటికి ప్రెషర్ తక్కువగా చూపుతుందని ఆనాటి డాక్టరుకు తెలియడానికీ ఇదే ఆధారం.

ఆశీస్సులతో,
మీ మామయ్య