వానలు పడ్డాక భూమి ఎందుకు కదులుతుంది? కోయ్నాలో పనిచేసిన అనుభవంతో నా జవాబు

మీరు అడిగినవి రెండు. భారీ వానల తర్వాత హైదరాబాద్‌లోని బోరబండలో భూమిలోంచి శబ్దాలు రావడానికి నీళ్లే కారణమా? ఇవి పెద్ద భూకంపానికి సూచనా?

మొదటిదానికి, చాలావరకు అవుననే చెప్తాను. 2020 అక్టోబరు వానల తర్వాత అక్కడ ఇలాగే జరిగినప్పుడు అదే నగరంలోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టి చూశారు. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగడమే కారణం కావచ్చని అన్నారు. ఇలాంటివి చాలా తక్కువ లోతులో పుడతాయి. అందుకే కుదుపు కన్నా ముందు ఢాం అనే శబ్దమే భయపెడుతుంది.

నేను కొంతకాలం మహారాష్ట్రలోని కోయ్నా ప్రాంతంలో భూకంపాల డేటా చూసే ప్రాజెక్టులో పనిచేశాను. అక్కడ 1962లో జలాశయం నింపడం మొదలయ్యాక చిన్న ప్రకంపనలు వచ్చాయి. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి సుమారు 180 మంది చనిపోయారు. ఇప్పటికీ అక్కడ ప్రకంపనలు ఆగలేదు. సరస్సు నీటిమట్టాన్నీ ప్రకంపనల సంఖ్యనూ ఒకే గ్రాఫులో పెట్టి చూస్తే, వానాకాలంలో మట్టం పెరిగిన తర్వాత ఒకసారి, వేసవి ముందు సరస్సు ఖాళీ అవుతున్నప్పుడు మరోసారి సంఖ్య పెరగడం కనిపించేది. మా ఇంటి ఓనరు గ్రాఫు చూడకుండానే "డ్యామ్ నిండింది, ఇక మొదలవుతాయి" అనేవారు. అన్నట్టే జరిగేది.

నీళ్లు ఏం చేస్తాయన్నది చాలామంది పొరపాటుగా అనుకుంటారు. నూనె పోసినట్టు రాళ్లను జారేలా చేస్తాయని అనుకుంటారు. అసలు సంగతి ఒత్తిడి. రాతిలోని పాత చీలికను ఫాల్ట్ అంటాం. దాని రెండు వైపులనూ పైనున్న బరువూ చుట్టూ ఉన్న రాతి ఒత్తిడీ కలిసి గట్టిగా అదిమిపెట్టి ఉంచుతాయి. ఆ పట్టు వల్లే అది జారదు. పగుళ్లలో నీటి ఒత్తిడి పెరిగితే, అది రెండు ముఖాలనూ దూరంగా నెడుతుంది. పట్టు కొంచెం తగ్గుతుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న ఫాల్ట్‌కు ఆ కొంచెమే చాలు. పది మీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడి సుమారు ఒక బార్, అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి అంత. కొన్నిచోట్ల ఒక బార్ కన్నా తక్కువ మార్పుకే ప్రకంపనలు వచ్చాయి.

ఈ ఒత్తిడి లోపలికి పాకడానికి టైం పడుతుంది. అమెరికాలో డెన్వర్ దగ్గర సైన్యం 1962 నుంచి మూడున్నర కిలోమీటర్లకు పైగా లోతైన బావిలోకి రసాయన వ్యర్థాలు పంపింది. భూకంపాలు మొదలయ్యాయి. 1966లో ఆపేశారు. కానీ వాటిలో పెద్దవి 1967లో, అంటే ఆపిన తర్వాత వచ్చాయి. కాబట్టి వానలు తగ్గాయని మీ దగ్గర శబ్దాలు వెంటనే ఆగకపోతే కంగారు పడకండి. ఒక పెద్ద కుదుపు, దాని తర్వాత తగ్గుతూ పోయే చిన్నవి అన్న వరస ఇక్కడ ఉండదు. దాదాపు ఒకే స్థాయివి గుంపుగా వస్తాయి. జపాన్‌లోని మత్సుషిరోలో 1965 నుంచి ఇలా లక్షల సంఖ్యలో నమోదయ్యాయి, నేలలోంచి నీళ్లు కూడా ఉబికి వచ్చాయి.

ఇక రెండో ప్రశ్న. భూకంపం ఎంత పెద్దదన్నది ఫాల్ట్ ఎంత పొడవున తెగిందన్న దానిపై ఉంటుంది. ఒకటి, ఒకటిన్నర తీవ్రతకు తెగేది కొన్ని పదుల మీటర్లు మాత్రమే. కోయ్నా స్థాయికి కిలోమీటర్ల కొద్దీ తెగాలి, దానికి తగ్గ బిగింపు ముందే రాతిలో పేరుకుని ఉండాలి. నీరు ఆ బిగింపును విడిపించగలదు గానీ కొత్తగా పుట్టించలేదు. బోరబండవి చాలా చిన్నవి. అయినా "ఎప్పటికీ రాదు" అని నేను రాసివ్వను. 2024 డిసెంబరులో ములుగులో 5.3 వచ్చింది కదా, అయితే అది గోదావరి లోయ, భూమి తీరే వేరు.

ఇప్పటికి మీరు చేయాల్సినవి: బీరువాలను గోడకు బిగించండి, బరువైనవి మంచం పైన అటక మీద పెట్టకండి, పాత పిట్టగోడకు బీటలుంటే మేస్త్రీకి చూపించండి. శబ్దం వచ్చిన ప్రతిసారీ టైం, ఏ వీధిలో వినిపించిందో రాసుకుని ఎన్‌జీఆర్‌ఐకి పంపండి. పరికరం పట్టుకున్న దానితో అది సరిపోలితే ఎక్కడ పుట్టిందో తేల్చడం వాళ్లకు సులువవుతుంది.