బర్మింగ్‌హామ్ కాలువల మీద పైక్ వేటకు వెళ్లబోతున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

ఈ అక్టోబరు నుంచి నీవు బర్మింగ్‌హామ్ కాలువల మీద పైక్ అనే పొడవాటి వేటచేపలను పట్టడానికి వెళ్లాలనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చదువుకోమని పంపిస్తే గాలాలు పట్టుకుని తిరుగుతానంటున్నాడని చెల్లాయి బాధ. నాకు మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి సంతోషమూ ఉంది, భయమూ ఉంది. ఆ ఊరికి వచ్చిన మనవాళ్లలో చాలామంది ఆ కాలువలను వంతెన మీది నుంచి ఒకసారి చూసి, ఫ్యాక్టరీల వెనకాల మురికినీళ్లని ముఖం తిప్పుకుని వెళ్లిపోతారు. నీవు ఆగి ఆ నీళ్లలో ఏముంటుందని అడిగావు. అందుకు గర్వంగా ఉంది. నా ఉద్యోగ జీవితమంతా ఆ ఊళ్లోనే వైద్యుడిగా గడిచింది, సెలవు దొరికిన చలికాలపు ఉదయాలన్నీ ఆ గట్ల మీదే గడిచాయి. అందువల్ల భయపడే అర్హత కూడా నాకు ఉంది.

ముందు కాగితాల సంగతి. పదమూడేళ్లు నిండిన ఎవరైనా ఇంగ్లండులో మంచినీటి చేపలకు గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్సు తీసుకోవాలి, లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉండవచ్చు. లైసెన్సు చేతికి వచ్చినంత మాత్రాన ఏ నీళ్లలోనైనా గాలం వేసుకోవచ్చని అనుకోవద్దు. కాలువలో ఒక్కొక్క భాగం ఒక్కొక్క క్లబ్బు చేతిలో ఉంటుంది, కొన్ని భాగాలు 2012 నుంచి ఈ కాలువలను చూసుకుంటున్న కెనాల్ అండ్ రివర్ ట్రస్టు చేతిలోనే ఉంటాయి, కాబట్టి వెళ్లదలచిన చోటు ఎవరిదో కనుక్కుని వారి అనుమతి కూడా తీసుకో. నదులకు మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నిషేధం ఉంది. చాలా కాలువలకు ఆ నిషేధం లేదు. అయినా వేసవిలో పైక్ జోలికి వెళ్లవద్దు. నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, గాలానికి తగిలి పెనుగులాడి అలసిన పైక్ నీవు వదలగానే చక్కగా ఈదుకుంటూ పోయినట్టే కనిపించి, తర్వాత ఎక్కడో నీ కంటికి కనపడని చోట చచ్చిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గుడ్లు పెడుతుంది. కనుక అక్టోబరు నుంచి మార్చి మొదటి రోజుల వరకు ఉన్న కాలమే నీది.

ఎక్కడికి వెళ్లాలని నీవు నన్ను అడగలేదు, అయినా చెబుతాను. ఊరి నడుమ పడవలు ఆగే గ్యాస్ స్ట్రీట్ బేసిన్ చూడడానికి అందంగా ఉంటుంది కానీ అక్కడ జనం ఎక్కువ. పడమరగా స్మెథిక్ వైపు నడువు. జేమ్స్ బ్రిండ్లీ 1768లో తవ్వించడం మొదలుపెట్టి కొండల ఒంపులను అనుసరించి తిప్పి తీసుకెళ్లిన పాత కాలువా, 1820లలో థామస్ టెల్ఫర్డ్ కొండను కోసి తిన్నగా వేయించిన కొత్త కాలువా అక్కడ పక్కపక్కనే సాగుతాయి. 1829లో కట్టిన గాల్టన్ వంతెన కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ కోత ఎంత లోతో తెలుస్తుంది. మరికొంచెం ముందుకు పోతే పాత కాలువ కొత్త కాలువను పైనుంచి దాటుతుంది, ఆ రెండింటి మీదుగా ఎం5 మోటార్‌వే కాంక్రీటు స్తంభాల మీద సాగిపోతుంది. తూర్పున 1972లో తెరిచిన గ్రేవెల్లీ హిల్ రోడ్ల చిక్కుముడి కింద సాల్ఫర్డ్ జంక్షన్ ఉంది. తలమీద లారీల మోత ఆగదు, కింద కాలువలు కలిసేచోట నీళ్లు నిశ్చలంగా ఉంటాయి. అటువంటి చోట అంత పొడవైన వేటచేప కాచుకుని ఉంటుందని ఆ లారీలలో పోయేవాళ్లకు తోచదు.

పైక్ తిరిగి వెతుక్కునే చేప కాదు, మన బందరు కాలువలో గుర్రపుడెక్క అంచున కొరమేను ఎలా కాచుకుంటుందో అలాగే ఏదో ఒక నీడను పట్టుకుని కదలకుండా ఉంటుంది. వంతెన కింద కాలువ ఇరుకయ్యే చోటు, ఫ్యాక్టరీ మూతపడ్డాక పడవలు రాని పాయల మొదలు, పడవలు తిప్పుకోవడానికి గట్టు వెడల్పు చేసిన చోటు, కట్టేసి ఉంచిన పడవల నీడ, అవతలి గట్టున తుంగ పెరిగిన అంచు, ఇవి చూసుకో. ఆ కాలువ నడిమధ్యలో కూడా లోతు మనిషి ఛాతీ దాటదు. అందువల్ల చేప నీ కాళ్ల ముందే ఉండవచ్చు. కొత్తవాళ్లు గట్టు అంచుకు వచ్చి నిలబడి, కాళ్ల దగ్గర ఉన్న చేపను బెదరగొట్టి, ఎదురుగా ఎంత దూరం విసరగలమా అని చూస్తారు. నీవు రెండడుగులు వెనక్కి నిలబడి, మొదటి ఎరను నీ గట్టు వెంబడే వెయ్యి. పడవలు కదలడం మొదలుపెడితే బురద లేస్తుంది, కాబట్టి తెల్లవారుతుండగానే అక్కడ ఉండాలి. కాలువలో దొరికేవి చాలావరకు చిన్నవే. పది పౌన్ల చేప దొరికితే అది గొప్ప చేప.

ఇక నేను ఈ లేఖ రాయడానికి అసలు కారణం.

నాకు ఈ వేట నేర్పినాయన స్మెథిక్‌లో ఇనుప పోతపనిలో జీవితమంతా గడిపిన పెద్దమనిషి. ఆసుపత్రిలో రోగిగా పరిచయమై, నేను కాలువల దేశం నుంచి వచ్చానని తెలిసి, తన పాత గాలపు కర్రను నా చేతిలో పెట్టాడు. ఆ కాలపు వేటగాళ్లందరిలాగే ఆయన కూడా ఒక నియమాన్ని వేదవాక్యంగా నమ్మేవాడు. పైక్ ఎరను ముందు అడ్డంగా కరుచుకుంటుంది, తర్వాత తిప్పుకుని తలవైపు నుంచి మింగుతుంది, అందుచేత బెండు మునగగానే లాగకూడదు, అది మింగేదాకా తీరికగా ఆగాలి అన్నది ఆ నియమం. ఒక జనవరి ఉదయం, గట్టు మీది గడ్డి మంచుతో తెల్లగా ఉండగా, ఆయన వేసిన సార్డీన్‌ను ఏదో పట్టింది. బెండు పక్కకు జారి మునిగింది. ఆయన కర్రను ముట్టుకోలేదు. సిగరెట్టు తీసి వెలిగించుకుని, సగం కాల్చాక అప్పుడు లాగాడు.

వచ్చింది నిండు గర్భంతో ఉన్న పెద్ద ఆడ చేప. ఆ కాలువలో అంత పెద్దది నేను అంతకుముందు చూడలేదు. నోరు తెరిచి చూస్తే రెండు కొక్కేలూ కనపడలేదు, ఉక్కు తీగ మాత్రం గొంతు లోపలికి పోతోంది. ఆయన దగ్గర ఉన్నవి నోరు తెరిచి పట్టే ఒక స్ప్రింగు కమ్మీ, ఒక పొట్టి పట్టకారు. కింద పరచడానికి ఏమీ లేదు. గడ్డకట్టిన నల్లని బొగ్గుపొడి గట్టు మీద ఆ చేప పొర్లాడింది, పొలుసులు రాలాయి, ఆయన చేతులు చలికి వణుకుతుండగా లోపలికి తడుముతూనే ఉన్నాడు. చేపకు గుండె మొప్పల వెనకే, గొంతుకు ఆనుకుని ఉంటుందని నీకు తెలుసో లేదో. మొప్పల నుంచి నెత్తురు కారడం మొదలుపెట్టగానే వైద్యుడిగా నాకు విషయం అర్థమైపోయింది. కొక్కేలు ఎలాగో బయటకు వచ్చాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆ చేపను నీళ్లలో నిటారుగా పట్టుకుని, చేతులు నీలం తేలేదాకా వదలలేదు. వదిలిన ప్రతిసారీ అది పక్కకు ఒరిగింది, చివరికి వెల్లకిలా పడింది.

ఆయన దుర్మార్గుడు కాదు, వంశీ. పైక్ మొండి ప్రాణమనీ, ఎంతకైనా తట్టుకుంటుందనీ, అసలు అది మిగతా చేపలను తినేసే పీడ అనీ నమ్మిన కాలం అది. కొన్ని క్లబ్బులు తమ నీళ్లలో పైక్ దొరికితే చంపి గట్టు మీద పారేయమనేవి. ఈ ధోరణిని ఎదుర్కోవడానికే 1977లో పైక్ వేటగాళ్లే ఒక జాతీయ సంఘం పెట్టుకోవలసి వచ్చింది. ఆయన ఆ చలికాలం మళ్లీ కాలువకు రాలేదు. తర్వాతి శరత్తులో నేను శస్త్రచికిత్స పరికరాలు అమ్మే దుకాణం నుంచి పొడవాటి ఫోర్సెప్స్ కొనుక్కెళ్లి ఆయనకిచ్చాను. అప్పటి నుంచి బెండు కదిలితే చాలు, ఆయన చేయి కర్ర మీద ఉండేది.

కనుక బెండు కదలగానే లాగు. ఎర నోట్లో ఎలా ఉందో ఆలోచించవద్దు. పదింటిలో మూడు చేపలు తప్పిపోతే పోనీ, అవి బతికే ఉంటాయి. కర్రను గట్టు మీద ఆనించి పెట్టి టీ తాగడానికి నాలుగడుగులు పక్కకు వెళ్లడం కూడా ఆ సిగరెట్టు లాంటిదే. మొదట్లో చచ్చిన చేపను ఎరగా వేయనే వద్దు. రబ్బరు చేపపిల్లలనో, తిరిగే రేకునో విసిరి లాగడం నేర్చుకో, వాటిని పైక్ మింగడం చాలా అరుదు, నోటి అంచునే తగులుతాయి. దారం చివర కనీసం పద్దెనిమిది అంగుళాల ఉక్కు తీగ తప్పనిసరి, ఎందుకంటే పైక్ పళ్లు మామూలు దారాన్ని క్షణంలో తెంచుతాయి, తెగితే కొక్కేలు నోట్లోనే ఉండిపోయి చేప తిండి తినలేక చస్తుంది. కొక్కేల ముళ్లను పట్టకారుతో నొక్కి చదును చెయ్యి. పది అంగుళాలకు తగ్గని ఫోర్సెప్స్, కొక్కేన్ని తుంచగల గట్టి కట్టర్లు, మెత్తటి చాప, అరుగుదల లేని వెడల్పాటి రబ్బరు వల, ఈ నాలుగూ సంచిలో లేని రోజున కర్ర విప్పవద్దు.

చేప వలలోకి వచ్చాక చాపను తడిపి, దాని మీద పడుకోబెట్టి, ఎడమచేతి వేళ్లను మొప్ప మూత అంచు లోపలి నుంచి దవడ ఎముక వెంబడి గడ్డం దాకా జరిపి పట్టుకో. ఎర్రటి మొప్పలకు వేలు తగలకూడదు. అలా పైకెత్తితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. కొక్కెం లోతుగా ఉంటే నోటి నుంచి పెనుగులాడకుండా, మొప్ప సందు నుంచి ఫోర్సెప్స్ పోనిచ్చి కొక్కేన్ని తలకిందులుగా తిప్పు, లేకపోతే కట్టర్లతో తుంచు. కొక్కెం ఖరీదు ఎంత! ఫొటో కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని, చాపకు పైన జానెడెత్తున పట్టుకుని ఒకటి తీసుకో. నిలబడి ఛాతీకి హత్తుకుంటే అది ఒక్కసారి కొట్టుకుని జారి రాతి మీద పడుతుంది.

పులుసు పెట్టి ఫొటో పంపిస్తానని మీ అమ్మతో అన్నావట. ఆ మాట విని నాకు నిజంగా కోపం వచ్చింది. ఇతరుల నీళ్లలోంచి అనుమతి లేకుండా చేపను తీసుకుపోవడం అక్కడ చట్టప్రకారం నేరం. అదీగాక వందల ఏళ్ల పాటు లోహపు పరిశ్రమలు నడిచిన గట్ల మధ్య కాలువ అది, అడుగు బురదలో ఏముందో తెలిసినవాడెవడూ ఆ చేపను తినడు. పెద్ద పైక్ చిన్న పైక్‌లను తిని అదుపులో ఉంచుతుంది, దాన్ని తీసేస్తే ఆ కాలువలో మిగిలేవి ఆకలితో ఉన్న పిల్లచేపలు మాత్రమే. పులుసు తినాలనిపిస్తే బజారులో చేప కొనుక్కో, చింతపండు నేను పంపిస్తాను.

ఇక నా భయాలు. అందులో మొదటిది చలి నీళ్లు. డిసెంబరులో కాలువలో పడినవాడు మునిగిపోయే ముందే ఊపిరి తప్పుతాడు, చల్లదనానికి ఒళ్లు ఒక్కసారి గాలిని లోపలికి లాగుతుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే లాగేది నీళ్లనే. అలా వచ్చినవాళ్లను బల్ల మీద చూశాను నేను. పడితే ఈదవద్దు, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదురుకునేదాకా ఆగు, తర్వాతే గట్టు వెతుక్కో. లాకుల దగ్గర అసలు గాలం వేయవద్దు. అక్కడ గోడలు నిలువుగా, నాచుతో ఉంటాయి, లోతు మిగతా కాలువ కంటే చాలా ఎక్కువ. మంచు పడిన రోజున గట్టు అంచు రాళ్ల మీద కాలు పెట్టవద్దు. ఒంటరిగా వెళ్లవద్దు.

రెండవది తలపై తీగలు. టెల్ఫర్డ్ కాలువ వెంబడి రైలు మార్గం పోతుంది, దాని తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి. ఇప్పటి కర్రలు కార్బన్‌వి, అందులో విద్యుత్తు పారుతుంది, తీగకు తగలకపోయినా దగ్గరకు వస్తే చాలు. విసిరే ముందు ప్రతిసారీ తలెత్తి చూడు. మూడవది ఎలుకలు. చేతికి గీత పడితే కట్టు కట్టుకో, చేతులు కడగకుండా ఏమీ తినవద్దు. వెళ్లివచ్చిన వారం పది రోజులకు జ్వరమూ, పిక్కల్లో తీవ్రమైన నొప్పీ వస్తే అది జలుబని ఇంట్లో పడుకోకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లి కాలువ మాట చెప్పు, నీవు చెప్పకపోతే వారికి ఎలుకల వల్ల వచ్చే ఆ జ్వరం తోచకపోవచ్చు. 2024 ఆగస్టులో వాల్సాల్ కాలువలో సోడియం సయనైడ్ కలిసి చేపలు చచ్చిపోయాయి. తేలుతున్న చేపలు కనిపిస్తే నీళ్లు ముట్టుకోకుండా 0800 80 70 60 నంబరుకు ఫోన్ చేసి ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి చెప్పు. గట్టు మీద ప్రతిరోజూ ఉండేది వేటగాడే, ఆ కాలువకు ముందుగా కీడు కనిపెట్టేదీ అతనే.

ఇన్ని చెప్పి నిన్ను భయపెట్టానేమో. నాకు ఆ ఊళ్లో మొదటి చలికాలం చాలా కష్టంగా గడిచింది. ఎవరితో మాట్లాడాలో తెలియదు, సాయంత్రం నాలుగింటికే చీకటి. ఆ గట్టు మీద నిలబడినప్పుడే పక్కనున్నవాళ్లు తమంతట తాముగా నన్ను పలకరించారు, ఏమైనా తగిలిందా అని అడిగారు. నిన్నూ అడుగుతారు. తీరికగా బదులు చెప్పు.

మీ అమ్మ ఖాతాలో కొంత డబ్బు వేశాను, నీకు పంపిస్తుంది. అది చాపకూ, వలకూ, ఫోర్సెప్స్‌కూ, కట్టర్లకూ మాత్రమే. కర్ర నీ డబ్బుతో కొనుక్కో, చవకది చాలు. ఇంటికి చేరగానే, ఎంత పొద్దుపోయినా సరే, అమ్మకు ఒక ఫోన్ చెయ్యి.

నీ మామయ్య