టెక్ సందేహాలు: ఐదు బ్లేడ్ల రేజరు, బోరు నీళ్లు, మెడ మీద మంట

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సందేహాలు పక్కన పెట్టాను. రేజర్లు, ట్రిమ్మర్లు, షేవర్ల గురించి వచ్చిన ప్రశ్నలు చాలా పోగుపడ్డాయి. వాటిలో కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చినవే తీసుకున్నాను. మన ఎండలు, మన బోరు నీళ్లు వేరు. ప్రకటనలో కనిపించే షేవింగ్ మన ఇంట్లో అలాగే కుదరదు. ఏది కొనాలన్నా ముందు మీ గడ్డం ఎలాంటిది, మీ కుళాయిలో వచ్చే నీళ్లు ఎలాంటివి అన్నది చూసుకోండి. ధర సంగతి ఆ తర్వాత.

అన్నా, కర్నూలులో డిగ్రీ చదువుతున్నా. నా గడ్డం బాగా దట్టం, రింగులు తిరిగి ఉంటుంది. ఐదు బ్లేడ్ల రేజరు వాడుతున్నా. గీసుకున్న రోజు నున్నగా ఉంటుంది, రెండో రోజుకు మెడ మీద ఎర్రగా పొక్కులు, దురద. ఇంకా మంచి రేజరు కొనాలా?

ఇంకా ఖరీదైనది కొనొద్దు తమ్ముడూ. నీకు ఆ నున్నదనమే ఇబ్బంది తెచ్చిపెడుతోంది.

జిల్లెట్ కంపెనీ రెండు బ్లేడ్ల రేజరును 1971లో, మూడు బ్లేడ్లదాన్ని 1998లో, ఐదు బ్లేడ్లదాన్ని 2006లో అమ్మకానికి తెచ్చింది. వీటన్నిటి కిటుకు ఒకటే. మొదటి బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగుతుంది, అది మళ్లీ వెనక్కి పోయేలోపు తర్వాతి బ్లేడు కోస్తుంది. దాంతో తెగిన కొన చర్మం లోపలికి జారిపోతుంది. వెంట్రుక సాఫుగా పెరిగేవాళ్లకు దీంతో పెద్ద ఇబ్బంది ఉండదు. రింగులు తిరిగే వెంట్రుక మాత్రం బయటకు వచ్చే దారిలోనే వంగి, వాడిగా తెగిన కొనతో చర్మాన్ని లోపలినుంచే గుచ్చుతుంది. ఒంట్లో ముల్లు దిగితే ఎలా వాస్తుందో అక్కడా అలాగే వాస్తుంది. నీ మెడ మీద పొక్కులు అవే అయ్యుంటాయి.

ముందు ఆ పొక్కులు తగ్గేదాకా బ్లేడు పెట్టకు. ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు ఉంచి కత్తిరించుకో. తగ్గాక రెండు దారులున్నాయి. ట్రిమ్మరుతోనే సరిపెట్టుకోవడం ఒకటి. ఈ కాలంలో కొద్దిగా గడ్డం కనిపిస్తే ఎవరూ ఏమీ అనుకోరు, నీకు నేను మొదట చెప్పేది కూడా ఇదే. తప్పకుండా నున్నగా ఉండాల్సిన అవసరం ఉంటే, మన తాతలు వాడిన పాతకాలం సేఫ్టీ రేజరుకు మారు. అందులో ఒకసారికి ఒక్క అంచే చర్మానికి తగులుతుంది. పిడి ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది, బ్లేడు కొన్ని రూపాయలే. అందుకే మొద్దుబారిన బ్లేడును పొదుపు కోసం లాక్కురావాల్సిన పని ఉండదు. నువ్వు వాడేలాంటి, బ్లేడ్ల తల మొత్తం మార్చాల్సిన కార్ట్రిడ్జ్ రేజరుతో ఎక్కువమంది చేసేది అదే. ధర గుర్తొచ్చి, నెల దాటినా మార్చరు.

వాడే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. కార్ట్రిడ్జ్‌ను నొక్కి లాగే అలవాటుతో దీన్ని పట్టుకుంటే గాట్లు పడతాయి. రేజరు బరువునే పని చేయనివ్వు, చెయ్యి నొక్కకూడదు. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. గీసుకునే ముందు పొడి గడ్డం మీద వేలితో నిమిరి చూడు. ఏ వైపు నిమిరితే మెత్తగా తగులుతుందో వెంట్రుక అటు పెరుగుతోందని అర్థం. చెంపల మీద దాదాపు అందరికీ కిందికే ఉంటుంది, మెడ మీద మాత్రం కొందరికి పక్కకు, కొందరికి పైకి కూడా ఉంటుంది. మెడ మీద పెరిగే వైపే గీయి, ఎదురు గీయకు, చర్మాన్ని లాగి పట్టుకోకు. ఒకసారి గీసిన చోట నురగ లేకుండా రెండోసారి బ్లేడు పెట్టకు.

పొక్కుల్లో చీము కనిపించినా, నల్లమచ్చలు పడుతున్నా కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది, వెళ్లి చూపించుకో. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము మాత్రం తెచ్చి పూయకు. వారంలో తగ్గినట్టే ఉంటుంది, వాడగా వాడగా మొహం చర్మం పలచబడి సమస్య పెద్దదవుతుంది.

అనంతపురంలో ఉంటాం. ఇంట్లో బోరు నీళ్లే. ఏ క్రీము తెచ్చినా నురగ నిలవదు, క్షణంలో ఆరిపోతుంది. గీసుకున్నాక చర్మం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. బ్రాండు మార్చాలా సార్?

క్రీములో తప్పు లేదండీ, నీళ్లలో ఉంది. అనంతపురం బోర్లలో చాలావాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. షేవింగ్ క్రీము అంటే ఒక రకం సబ్బే. ఆ లవణాలు సబ్బును పట్టుకుని నీళ్లలో కరగని తెల్లటి జిడ్డుగా మారుస్తాయి. నురగ కావాల్సిన సబ్బంతా ఆ జిడ్డు కిందే పోతుంది. రేజరు మీద, సింకు అంచు మీద మీకు కనిపించే తెల్లటి పొర అదే. చర్మం బిగుసుకున్నట్టు ఉండటానికి కూడా సగం కారణం, కడిగినా వదలకుండా మిగిలిన ఆ పొరే.

దీనికి మందు ఒక్క గ్లాసు మంచి నీళ్లు. మీ వీధికి శ్రీ సత్యసాయి తాగునీటి పథకం కుళాయి వస్తుంటే ఆ నీళ్లు, లేదంటే తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లు ఒక గ్లాసు పక్కన పెట్టుకోండి. మొహం కడగడం మామూలు నీళ్లతోనే కానివ్వండి. బ్రష్ తడపడానికి, నురగ చేయడానికి, చివర్లో ఒకసారి మొహం తుడుచుకోవడానికి మాత్రం ఈ గ్లాసు నీళ్లు వాడండి. తేడా మొదటి రోజే తెలుస్తుంది. తాగే నీళ్లు షేవింగ్‌కు పోయడమా అని బాధ అనిపిస్తే, బోరు నీళ్లనే బాగా మరిగించి చల్లార్చి, అడుగున తేరుకున్న తెల్లటి పొడి కదలకుండా పై నీళ్లు వంచుకోండి. ఉప్పంతా పోదు, కొంత భాగమే పోతుంది, అయినా నయమే.

బ్రష్‌ను గిన్నెలో గానీ, చెంప మీద గానీ గుండ్రంగా తిప్పుతూ, నీళ్లు చుక్క చుక్కగా కలుపుతూ పోండి. బుడగలు పెద్దవిగా ఉంటే ఇంకా కలపాలి. పెరుగు మీద మీగడలా చిక్కబడ్డాక ఆపండి. ఆ నురగను మొహం మీద రెండు మూడు నిమిషాలు ఉండనివ్వడం చాలా ముఖ్యం. నీళ్లు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. ఎండు గడ్డం బ్లేడును నిజంగానే పాడు చేస్తుంది. వెంట్రుక కన్నా బ్లేడు ఉక్కు సుమారు 50 రెట్లు గట్టిది. అయినా వంగిన వెంట్రుక ఒక కోణంలో తగిలితే బ్లేడు అంచు కంటికి కనిపించనంత చిన్న పెళ్లలుగా ఊడుతుందని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో మైక్రోస్కోపు కింద చూపించారు.

డబ్బా ఫోము కొంటే నురగ తయారుగానే వస్తుంది కాబట్టి బోరు నీళ్ల బెడద తగ్గుతుంది. కడిగేటప్పుడు మాత్రం ఆ జిడ్డు తప్పదు. ఇంకో మాట, ఆ డబ్బాలో గ్యాసు ఒత్తిడితో నింపి ఉంటుంది, 50 డిగ్రీలకు మించి వేడి తగలనివ్వొద్దని దాని మీదే రాసి ఉంటుంది. మన మే నెలలో ఎండలో నిలబెట్టిన కారు లోపల, బండి డిక్కీలో ఆ వేడి సులువుగా దాటుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు డబ్బా అక్కడ మర్చిపోకండి.

ఆదోని నుంచి. ఆడవాళ్ల రేజరు అని వేరేగా అమ్మేది కొనాలా, మామూలుది చాలా? గీస్తే వెంట్రుకలు మందంగా వస్తాయంటారు, నిజమేనా?

మామూలుదే చాలు. బ్లేడు ఉక్కు ఒకటే, తల ఆకారం, పిడి, రంగు మారతాయి, ధర పెరుగుతుంది. కాళ్లకు వెడల్పాటి గుండ్రటి తల కొంచెం సౌకర్యం, అంతవరకే. ఇక మందంగా రావడం నిజం కాదు. సహజంగా వెంట్రుక కొన సన్నగా ఉంటుంది, కోస్తే మొద్దు కొన బయటకు వస్తుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది. గీయడం వల్ల వెంట్రుక మందం, పెరుగుదల మారవని 1928లోనే పరిశీలించి తేల్చారు. ఇంట్లో ఎవరి రేజరు వాళ్లకే ఉండాలి, అది మాత్రం పట్టుదలగా పాటించండి. కనిపించని గాట్ల ద్వారా హెపటైటిస్ బి, సి ఒకరి నుంచి ఒకరికి సోకగలవు.

ప్రొద్దుటూరు నుంచి రాస్తున్నా. మా నాయనకు గుండె ఆపరేషన్ అయ్యాక రక్తం పలచబడే మాత్రలు ఇచ్చినారు. షుగరు కూడా ఉంది. గీసుకునేటప్పుడు చిన్న గాటు పడినా రక్తం ఆగదు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఎలక్ట్రిక్ షేవరు కొనిద్దామనుకుంటున్నా. రెండు రకాలు కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలి?

కొనివ్వండి, ఆలస్యం చేయొద్దు. ఆ మాత్రలు వాడేవాళ్లకు డాక్టర్లు కూడా బ్లేడు మాని ఎలక్ట్రిక్ షేవరు వాడమనే చెబుతారు. అందులో కోసే బ్లేడు చర్మానికి నేరుగా తగలదు, మధ్యలో పలచటి లోహపు జల్లెడ అడ్డం ఉంటుంది. ఆ జల్లెడ రంధ్రాల్లోకి దూరిన వెంట్రుకే తెగుతుంది. అందుకే బ్లేడంత నున్నగా రాదు. మీ నాయనగారికి ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే "ఇదేం గీయలేదు" అని నాలుగో రోజుకు మూలన పెడతారు.

మీరు చూసిన రెండు రకాల్లో ఒకటి పొడుగ్గా జల్లెడ రేకు ఉన్న ఫాయిల్ షేవరు, రెండోది గుండ్రటి తలలు తిరిగే రోటరీ. రోటరీని ఫిలిప్స్ 1939లో తెచ్చింది, బ్రాన్ కంపెనీ ఫాయిల్ షేవరు 1950లో వచ్చింది. రోజూ లేదా రోజు విడిచి రోజు గీసుకునేవాళ్లకు, చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకు నేను ఫాయిలే చెబుతాను. దాన్ని సూటిగా పైకీ కిందికీ నడిపిస్తే చాలు, బ్లేడు అలవాటున్న చేతికి తేలిగ్గా పట్టుబడుతుంది. రోటరీని చిన్న చిన్న సున్నాలు చుడుతూ తిప్పాలి. నాలుగు రోజులకోసారి గీసుకునే అలవాటుంటే రోటరీ కాస్త మెరుగు, ఎందుకంటే ఫాయిల్ రంధ్రాల్లోకి పొడుగు వెంట్రుక దూరదు. అలాంటప్పుడు ముందు ట్రిమ్మరుతో పొట్టి చేసి తర్వాత షేవరు పెట్టాలి.

స్నానానికి ముందే, మొహం పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు వాడమనండి. చెమట తడి ఉంటే షేవరు జారదు, పట్టేస్తుంది. కొద్దిగా టాల్కం పౌడరు రాసుకుంటే సాఫుగా నడుస్తుంది. వయసుతో చర్మం వదులైన చోట రెండో చేత్తో మెల్లగా సాగదీసి పట్టుకోవాలి. ఇందాక కర్నూలు తమ్ముడికి సాగదీయొద్దన్నాను, అది బ్లేడుకు, రింగుల గడ్డానికి వర్తించే మాట. షేవరుకు సాగదీయకపోతే ముడత జల్లెడ కింద నలుగుతుంది. చర్మం దానికి అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది, మొదటి వారంలో కాస్త ఎర్రబడితే కంగారు పడొద్దు.

కొనేముందు దుకాణంలో ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ మోడల్‌కు జల్లెడ, కట్టర్ (లోపల కోసే బ్లేడు) విడిగా దొరుకుతాయా? అవి సాధారణంగా ఏడాది, రెండేళ్లకు మార్చాల్సి వస్తుంది. జల్లెడ చిరిగినా, సొట్టపోయినా వెంటనే మార్చాలి, లేదంటే లోపలి బ్లేడు చర్మానికి తగులుతుంది. విడిభాగాలు దొరకని షేవరు ఎంత చవకైనా ఈ ఇంట్లోకి వద్దు.

పొరపాటున ఎప్పుడైనా గాటు పడితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు ఎత్తకుండా నొక్కి పట్టాలి. మధ్యమధ్య ఎత్తి చూస్తే గడ్డకట్టేది కూడా చెదిరిపోతుంది. అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గాట్లకు భయపడి మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు. సెలూన్‌కు వెళ్తే ట్రిమ్మరుతో కానివ్వమని, మాత్రల సంగతి ముందే చెప్పమనండి.

ట్రిమ్మరుకు కొబ్బరినూనె వేయొచ్చా? కడప

వేయొద్దు. చలికాలం పొద్దున పూట సీసాలో గడ్డకట్టినట్టే బ్లేడు పళ్ల మధ్యలోనూ గడ్డకడుతుంది, వెంట్రుకల ముక్కల్ని పట్టి ఉంచుతుంది. ట్రిమ్మరుతో వచ్చిన నూనె అయిపోతే కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, పది క్షణాలు నడిపి, గుడ్డతో తుడిచేయండి. వెంట్రుకలు లాగి పీకుతున్నాయంటే పదిలో తొమ్మిదిసార్లు నూనె, శుభ్రత లేకే. అయితే కొన్ని మోడళ్లకు నూనె అవసరం లేదని పెట్టె మీదే రాస్తారు, వాటికి వేయకండి.

గుంతకల్లులో ఉంటా సార్. ఆన్‌లైన్‌లో కొత్త ట్రిమ్మరు తెప్పించా. టైప్-సి పోర్టే ఉంది, కానీ నా ఫోను చార్జరు పెడితే లైటు కూడా వెలగదు. పాడైన పీసా?

వెనక్కి పంపేముందు ఒక్క పని చేయండి. మీ ఫోను చార్జరు రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌ది అయ్యుంటుంది. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో, పాతకాలం 5 వోల్టుల చార్జరుకు పెట్టి చూడండి. చాలావరకు లైటు వెలుగుతుంది.

కారణం చిన్నదే. టైప్-సి చార్జరు తనకు అవతల ఏదో పరికరం ఉందని తెలిసేదాకా కరెంటు వదలదు. ఆ సంగతి తెలియడానికి పరికరం లోపల 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్లు, అంటే కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగాలు, రెండు ఉండాలి. పైసల్లో దొరికే వాటిని చవక ట్రిమ్మర్ల తయారీదారులు వదిలేస్తుంటారు. పాత చార్జరు ఇవేమీ అడగదు, పెట్టగానే 5 వోల్టులు ఇచ్చేస్తుంది. అందుకే దాంతో పనిచేస్తుంది.

ఆ చార్జరుతోనూ వెలగకపోతే పీసు పాడైనట్టే, గడువు దాటకుండా మార్చుకోండి. పనిలో పనిగా పెట్టె మీద, బ్యాటరీ వివరాల దగ్గర ఐఎస్ 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి. లిథియం బ్యాటరీలకు మన దేశంలో బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది లేని సరుకు చార్జ్ అయినా ఇంట్లో ఉంచుకోవద్దనే నా సలహా. అమ్మినవాళ్లు మార్చడానికి ఒప్పుకోకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.