రఫ్ బుక్కులో ఒక్క బొమ్మా లేదేమే చిన్నీ

చి. చిన్నికి,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ తాతయ్యా నేనూ కులాసా. మీ హాస్టల్లో ఫోను ముట్టుకోనివ్వరు కాబట్టి ఉత్తరమే గతి. అదీ ఒకందుకు మంచిదేలే. ఫోన్లో అయితే రెండో నిమిషానికల్లా "సరే అమ్మమ్మా, ఉంటా" అని పెట్టేసేదానివి.

దసరా సెలవులకి వచ్చి ఫిజిక్స్ రఫ్ బుక్కు మంచం మీదే వదిలేసి వెళ్లావు. ఒకరి పుస్తకం తెరవకూడదని అనుకున్నాను గానీ, 31 ఏళ్లు జూనియర్ కాలేజీలో పేపర్లు దిద్దిన చేతులు ఊరుకుంటాయా? ఎర్ర పెన్ను పట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చూశాను. కోప్పడకు. ఫిజిక్స్ పరీక్షలో వందకి 22 వచ్చాయని మీ అమ్మ దగ్గర ఏడ్చావట. పుస్తకం చూశాక నాకైతే దిగులు వెయ్యలేదు. లెక్క చెయ్యడం నీకు బాగానే వచ్చు. క్వాడ్రాటిక్ ఎక్కడా తప్పలేదు, ట్రిగనామెట్రీ శుభ్రంగా ఉంది. కానీ పుస్తకం మొత్తంలో ఒక్క బొమ్మ లేదు. ప్రశ్న చదవగానే సూత్రం రాసేశావు. కూర ఏమిటో తెలీకుండానే పోపు వేసేసినట్టుంది.

మన దొడ్లో బావి దగ్గరికి రా. పదకొండో పేజీలో ఉన్న లెక్క అదే. నీళ్లతో కలిపి 10 కిలోల చేద, ఒకే వేగంతో పైకి వస్తోంది, చేంతాట్లో టెన్షన్ (తాడు లాగే బలం) ఎంత? "పైకి వెళ్తోంది కాబట్టి టెన్షన్ బరువు కంటే ఎక్కువ" అని రాసి, ఎంత ఎక్కువో తెలీక వదిలేశావు. ఇంతకీ సెలవుల్లో నువ్వే ఆ బావిలో నీళ్లు తోడావు కదా! మొదటి లాగుకి చెయ్యి జివ్వుమంది. చేద కదిలాక సర్దుకుంది. గట్టు దగ్గరికొచ్చాక లాగడం తగ్గిస్తే ఇంకా తేలికైంది. ఫిజిక్స్ చెప్పేదీ అదే. వేగం మారనప్పుడు త్వరణం (వేగం సెకనుకి ఎంత మారుతోందో అది) సున్నా, కాబట్టి టెన్షన్ సరిగ్గా బరువంతే, 100 న్యూటన్లు (జీ, అంటే భూమి లాగుడుకి వచ్చే త్వరణం, 10 అనుకుందాం). మొదట్లో 2 త్వరణంతో లేపితే 120. చివర్లో అదే లెక్కన వేగం తగ్గుతుంటే 80, అదీ చేద ఇంకా పైకి వస్తూ ఉండగానే. వస్తువు ఎటు వెళ్తోందని బలాన్ని అడిగితే జవాబు రాదు. వేగం ఎటు మారుతోందో అడగాలి.

లిఫ్టు లెక్కలోనూ ఇక్కడే జారిపడ్డావు. బరువు చూసే మిషన్ మీద 50 కిలోల మనిషి, లిఫ్టు కిందకి దిగుతూ 2 రిటార్డేషన్‌తో ఆగుతోంది. "కిందకి" అన్న మాట చూడగానే 40 అని రాసేశావు. దిగేది ఆగుతోందంటే త్వరణం పైకి ఉందన్నమాట. మిషన్ 60 చూపిస్తుంది.

ఇక బొమ్మ ఎలా గియ్యాలో చెప్తాను, ఇది మాత్రం నిదానంగా చదువు. ముందు ఒక్క వస్తువును ఎంచుకో. చేదా, తాడా, గిలకా? ఎవరి గురించి మాట్లాడుతున్నామో తేలకుండా ఎఫ్ ఈక్వల్స్ ఎంఏ (బలం = మాస్ × త్వరణం) రాస్తే, ఆ ఎం ఎవరిదో నీకే తెలీదు. ఎంచుకున్నదాన్ని ఒక చుక్కగా పెట్టు. దాన్ని ఏమేం తాకుతున్నాయో వెతుకు. తాకే ప్రతిదానికీ లెక్క చెప్పు: తాడు తాకితే టెన్షన్, నేల తాకితే నార్మల్ (నేల తిరిగి నెట్టే బలం), గరుకుంటే ఫ్రిక్షన్ (జారకుండా పట్టే రాపిడి). తాకకుండా లాగేది ఈ చాప్టర్లలో భూమి ఒక్కతే. అంతటితో బాణాలు ఐపోయాయి. ఇంకో బాణం గియ్యాలనిపిస్తే "ఈ బలం ఎవరు పెడుతున్నారు?" అని అడుగు. పేరు చెప్పలేకపోతే కొట్టెయ్. పైకి విసిరిన బంతికి పందొమ్మిదో పేజీలో "చేతి బలం" అని ఒకటి కలిపావు. బంతి చేతిలోంచి జారిపోయాక చేతికీ దానికీ సంబంధమేముంది? పై చివర వేగం సున్నా అయిన క్షణంలో కూడా దాని మీద ఉన్నది బరువొక్కటే, త్వరణం అప్పుడూ 10 కిందకే. (31 ఏళ్లలో ఈ తప్పు చెయ్యని బ్యాచ్ నాకు తగల్లేదు. నేనూ నీ వయసులో చేశాను.)

నార్మల్ అంటే ఎంజీ (బరువు) అని అచ్చుగుద్దినట్టు రాసే అలవాటు కూడా మానాలి. 25 కిలోల బియ్యం బస్తా వరండాలో ఉంది. ఫ్రిక్షన్ గుణకం 0.4 అనుకో, అంటే ఫ్రిక్షన్ ఎక్కువలో ఎక్కువ నార్మల్ బలానికి 0.4 వంతు. తాడు కట్టి నేలకి 30 డిగ్రీల ఏటవాలుగా పైకి 100 న్యూటన్లతో లాగావు. అందులో 50 బస్తాని పైకి ఎత్తుతుంది, కాబట్టి నేల మోసేది 250 కాదు, 200. ఫ్రిక్షన్ ఎక్కువలో ఎక్కువ 80. నువ్వు ముందుకి లాగేది 86.6. బస్తా కదిలింది. ఇప్పుడు అదే 100 న్యూటన్లతో వెనక నుంచి, 30 డిగ్రీల్లోనే కిందకి వాల్చి నెట్టు. నార్మల్ 300, ఫ్రిక్షన్ 120 దాకా పోగలదు, నీ 86.6 దానికి చాలదు. అదే బస్తా, అదే మనిషి, అదే బలం, ఇంచు కదల్లేదు. నార్మల్ ఎంతో నువ్వు చెప్పకూడదు. బొమ్మే చెప్పాలి.

వాలు మీద సైన్ రాయాలో కాస్ రాయాలో అన్న గందరగోళానికి బట్టీ అక్కర్లేదు. వాలుని చదును చేసి చూడు. కోణం సున్నా అయితే జారే బలం సున్నా కావాలి. సైన్ సున్నాయే సున్నా. అంతే. ఇలా చివరికంటా లాగి చూడటం పెద్ద ఆయుధమమ్మా. గిలకకి అటు 6 కిలోలు, ఇటు 4 కిలోలు వేలాడితే త్వరణం 2, టెన్షన్ 48 వస్తుంది. ఆ 48 రెండు బరువులకీ, అంటే 40కీ 60కీ మధ్యలో పడిందా లేదా చూసుకో. తేలికైనది పైకి వేగం పుంజుకోవాలి, బరువైనది కిందకి పుంజుకోవాలి, కాబట్టి మధ్యలోనే పడి తీరాలి. రెండు వైపులా సమానం చేస్తే త్వరణం సున్నా అవ్వాలి. ఒక వైపు ఖాళీ చేస్తే జీ అవ్వాలి. ఈ చూపులు చూడాలంటే అంకెలు చివర్లో వెయ్యాలి, అప్పటిదాకా అక్షరాలతోనే నడపాలి. నువ్వు మొదటి లైన్లోనే అంకెలు గుమ్మరిస్తావు. ఈ గిలక లెక్క పరీక్షల కోసం పుట్టింది కాదు. కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జార్జ్ అట్‌వుడ్ 1784లో దీన్ని వివరించాడు. రెండు వైపులా దాదాపు సమానమైన బరువులు వేస్తే పడేది నెమ్మదిగా పడుతుంది, అప్పటి గడియారంతో కొలవడానికి వీలవుతుందని ఆయన ఉపాయం.

ఇప్పుడు బస్సు లెక్క. గంటకి 72 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బస్సు, టైర్లకీ రోడ్డుకీ ఫ్రిక్షన్ గుణకం 0.5, చక్రాలు బిగిసిపోయేలా బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది? మొదటిసారి "మాస్ ఇవ్వలేదు, డేటా చాలదు" అని రాశావు. తర్వాతి పేజీలో మళ్లీ పట్టుకుని 518 మీటర్లు తెచ్చి, కింద రెండు గీతలు కూడా గీశావు. బందరు రోడ్డు మీద బ్రేకు పడిన బస్సు అర కిలోమీటరు జారుకుంటూ పోతే ఊళ్లో జనం మిగులుతారా? 72ని 5 బై 18తో గుణించి సెకనుకి 20 మీటర్లు చేసుకోవడం మర్చిపోయావు. గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) అంతా ఫ్రిక్షన్ చేసే పనికే ఖర్చు. రెండు వైపులా మాస్ కొట్టేసుకుపోతుంది, అందుకే పేపర్లో ఇవ్వలేదు. వేగం వర్గం 400ని, 2 × 0.5 × 10 అంటే 10తో భాగిస్తే 40 మీటర్లు. వేగం సగానికి, 36కి తగ్గించు: 10 మీటర్లే. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. 1720ల్లో హాలండ్‌లో గ్రావెసాండే అనే ఆయన ఇత్తడి గుండ్లని మెత్తటి బంకమన్ను మీద పడేసి చూసింది కూడా ఇదే. రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకి దిగింది.

ఏ దారిన పోవాలో ప్రశ్నే చెప్తుంది. "ఎంతసేపట్లో" అని అడిగితే బలం, త్వరణం దారి. "ఎంత వేగంతో, ఎంత ఎత్తుకి, ఎంత దూరంలో" అంటే ముందు శక్తి దారి తట్టు. శక్తికి కాలంతో పనిలేదు. ఢీకొనడం వస్తే మాత్రం ఆగి ఆలోచించు. బుల్లెట్ లెక్కలో నువ్వు ఆగలేదు: 10 గ్రాముల బుల్లెట్, 200 వేగం, వేలాడుతున్న 990 గ్రాముల చెక్కలో దిగబడింది. బుల్లెట్ గతిజ శక్తి 200 జౌళ్లు, దాన్ని తిన్నగా ఎత్తులోకి మార్చేసి 20 మీటర్లు అన్నావు. చెక్క ముక్క ఆరంతస్తుల మేడంత ఎత్తు లేచింది! దిగబడే క్షణంలో చెక్క చిరుగుతుంది, వేడెక్కుతుంది. అక్కడ శక్తి లెక్క నిలవదు, మొమెంటమ్ (మాస్ × వేగం) ఒక్కటే నిలుస్తుంది. దానితో చేస్తే రెండూ కలిసి 2 వేగంతో బయల్దేరతాయి, శక్తి 2 జౌళ్లు, ఎత్తు 20 సెంటీమీటర్లు. మిగతా 198 జౌళ్లు చెక్కలోనే పోయాయి. లెక్కని రెండు ముక్కలు చెయ్యి: ఢీకొనేదాకా ఒకటి, ఆ తర్వాత ఒకటి. తుపాకి గుండ్ల వేగం కొలవడానికి బెంజమిన్ రాబిన్స్ 1742లో రాసిన పద్ధతి ఇదే.

జౌల్ అంటే ఎంతో చేతికి తెలియకపోతే ఇలాంటి జవాబులు చూసి నవ్వు రాదు. మన బావిలో నీళ్లు 6 మీటర్ల లోతున ఉన్నాయి. ఒక చేద తోడితే 600 జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు, అంటే 6000 చేదలు. తాతయ్య మోటారు బిల్లు చూసి గొణిగినప్పుడల్లా నేను చేంతాడు తీసి చేతికిస్తాను. బిల్లు మాట మళ్లీ ఎత్తరు.

ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చదును నేల మీద మూట నెత్తిన పెట్టుకుని నడిచే హమాలీ చేసే పని సున్నా అని గొప్పగా చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక కుర్రాడు లేచాడు. "మా నాన్న మిల్లులో హమాలీ మేడమ్, సాయంత్రానికి నడుం పడిపోద్ది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు. మర్నాడు సరిగ్గా చెప్పాను: మూట ఎత్తు మారలేదు, వేగం మారలేదు కాబట్టి దానికి చేరిన శక్తి సున్నా. కానీ మోసేవాడి కండరాలు క్షణం కూడా ఊరుకోవు, బిగుస్తూ సడలుతూ తిన్న తిండిని వేడి కింద ఖర్చుపెడుతూనే ఉంటాయి. అప్పట్నుంచీ "పని" అన్నప్పుడల్లా ఏ బలం, దేని మీద అని కూడా చెప్పడం మొదలుపెట్టాను. నువ్వూ అలాగే రాయి.

ఇంకోటి, నాకు ముచ్చటేసిన పేజీ కూడా ఉంది. 15 మీటర్ల మేడ మీంచి 10 వేగంతో పైకి విసిరిన రాయి. పైకి ప్లస్, కిందకి మైనస్ అని ముందే పెట్టుకుని, ఎక్కడం, దిగడం అని ముక్కలు చెయ్యకుండా ఒకే సమీకరణంలో తెచ్చావు: 3 సెకన్లు, లేదా మైనస్ 1. మైనస్‌ని మాత్రం కసిగా కొట్టేశావు. దాన్ని ఒక్కసారి పలకరించాల్సింది! విసరడానికి సెకను ముందు నేల మీంచి 20 వేగంతో ఎవరైనా ఆ రాయిని పైకి విసిరి ఉంటే, సరిగ్గా ఇప్పుడు నీ చేతి దగ్గర 10 వేగంతో ఉండేదని అది చెప్తోంది. 3 సెకన్లకి నేలని తాకేదీ 20 వేగంతోనే.

మీ కాలేజీలో రోజుకి ఎన్నో లెక్కలు చేయిస్తారని తెలుసు, షార్ట్‌కట్ షీట్లూ ఇస్తారు. వాటి మీద నాకు సదభిప్రాయం లేదు, అయినా పరీక్ష టైముకి పనికొస్తాయి, పారెయ్యకు. స్టడీ అవర్లో మాత్రం రోజూ రెండే రెండు లెక్కలు బొమ్మతో, అక్షరాలతో, చివర్లో అంకెలతో నిదానంగా చెయ్యి. తప్పు పోయినదాన్ని సొల్యూషన్ చూసి "ఓహో" అనుకుని వదిలెయ్యకు. మూసేసి, మర్నాడు ఖాళీ కాగితం మీద మళ్లీ చెయ్యి.

ఆదివారం మీ అమ్మ వచ్చేటప్పుడు రఫ్ బుక్కూ, సున్నుండల డబ్బా పంపుతున్నాను. బుక్కు చివరి పేజీలో ఒక లెక్క రాశాను. గిలకకి రెండు వైపులా చెరో 10 కిలోల చేద. ఒక చేదలో మన పిల్లి, కిలో బరువుంటుంది, కదలకుండా కూర్చుంది. చేతులు వదిలేశాం. చేద పిల్లిని ఎంత బలంతో మోస్తోంది? 10 న్యూటన్లు అని వస్తే, చేదలకి బొమ్మ గీశావు గానీ పిల్లికి గియ్యలేదన్నమాట.

ఆశీస్సులతో,
అమ్మమ్మ