ఆఖరి సెకను తప్పు ఆఖరివాడి ఒక్కడిదేనా?

పోయిన సంచికలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ (ముందు నాలుగు గేములు గెలిచినవాళ్లదే టైటిల్) గురించి నాలుగు ముక్కలు రాసి, మీకు ఇప్పటికీ మింగుడుపడని పొరపాటు ఏదో చెప్పమన్నాం. వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలామంది ఎవరో ఒకరిని తిట్టడానికే కలం పట్టినట్టున్నారు. తిట్టండి, అభిమానులకు ఆ హక్కుంది. కాకపోతే ఆ తప్పుకు ముందు నిమిషంలో ఏం జరిగిందో కూడా ఓసారి చూసి తిడదాం. పేర్లు వేయొద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: 2018 ఫైనల్స్ మొదటి గేమ్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు జే.ఆర్. స్మిత్ రీబౌండ్ (రింగ్‌లో పడకుండా తిరిగొచ్చిన బంతి) పట్టుకుని రింగ్‌కి వీపు తిప్పి పరిగెత్తాడు. 51 పాయింట్లు కొట్టిన సహచరుడు లెబ్రాన్ జేమ్స్‌ని నిలువునా ముంచేశాడు. ఆ పిచ్చి పని చేయకపోతే టైటిల్ క్లీవ్‌లాండ్‌దే కదా? మా తమ్ముడు ఎంత చెప్పినా ఒప్పుకోడు.

జవాబు: నా ఓటు మీ తమ్ముడికే. ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. ఇంకా 4.7 సెకన్ల ఆట ఉంది, గోల్డెన్ స్టేట్ 107-106తో ముందుంది, క్లీవ్‌లాండ్ ఆటగాడు జార్జ్ హిల్‌కి రెండు ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా ఇచ్చే, ఎవరూ అడ్డుకోని ఒక్కో పాయింటు షాట్లు) వచ్చాయి. మొదటిది పడింది, స్కోరు సమమైంది. రెండోది తప్పింది. గోల్డెన్ స్టేట్ ఆటగాడు కెవిన్ డ్యురాంట్ అంతటి పొడగరి పక్కనే ఉండగా ఆ బంతిని ఎగిరి లాక్కున్నది ఎవరనుకున్నారు, ఇదే స్మిత్. అక్కడిదాకా భేష్. ఆ తర్వాతే ఏమైందో ఏమో, మిడ్‌కోర్టు వైపు డ్రిబుల్ చేసుకుంటూ పోయాడు, లెబ్రాన్ చేతులు చాచి రింగ్ వైపు చూపిస్తూ అరుస్తూనే ఉన్నాడు, చివరికి బంతి హిల్‌కి చేరేసరికి టైమ్ అయిపోవచ్చింది.

తమ జట్టు ఒక పాయింటు ముందుందని స్మిత్ అనుకున్నాడని కోచ్ టైరాన్ లూ చెప్పాడు. స్మిత్ ఏమో స్కోరు సమమని తనకు తెలుసు, టైమౌట్ తీసుకుంటారనుకున్నానని అన్నాడు. నేనైతే కోచ్ మాటే నమ్ముతా. అయితే క్లీవ్‌లాండ్ దగ్గర టైమౌట్ మిగిలి ఉన్న మాట మాత్రం నిజం. బంతి తమ చేతికి వచ్చిన క్షణంలో కోచ్ అడగొచ్చు, లెబ్రాన్ అడగొచ్చు, కోర్టులో ఉన్న ఎవరైనా అడగొచ్చు. ఒక్కరూ అడగలేదు. వాళ్ల మీద జోకులు లేవు, అన్నీ స్మిత్ నెత్తినే పడ్డాయి.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. దాదాపు 36 సెకన్లు ఉండగా క్లీవ్‌లాండ్ రెండు పాయింట్లు ముందుంది. డ్యురాంట్ దూసుకొచ్చి లెబ్రాన్‌ని గుద్దుకుంటే రిఫరీలు ముందు చార్జ్ (దూసుకొచ్చినవాడి తప్పు) ఇచ్చి, రీప్లే చూసుకొచ్చి, కాదు అది బ్లాక్ (అడ్డుపడినవాడి తప్పు) అని మార్చేశారు. డ్యురాంట్ రెండు ఫ్రీ త్రోలూ వేసి సమం చేశాడు. అతను రింగ్ కింది అర్ధవృత్తంలో ఉన్నాడా అని తేల్చుకోవడానికే రీప్లే అన్నారు, లెబ్రాన్ కాళ్లు దానికి అంత దూరంగా ఉంటే అసలు రీప్లేకి ఎందుకు వెళ్లారన్న గొడవ ఇవాళ్టికీ తెగలేదు. పైగా స్మిత్ పొరపాటుతో ఆట ఓడిపోలేదు, ఓవర్‌టైమ్‌కి (అదనపు ఆటకి) వెళ్లింది. అక్కడ 17-7తో చిత్తయిపోయారు, ఫలితం 124-114. సిరీస్ 4-0. ఇంకోటి, ఆ రాత్రి కోపంలో లెబ్రాన్ తన చేతిని తానే దెబ్బ తగిలించుకున్నాడు, సిరీస్ ముగిశాక గానీ ఆ సంగతి బయటికి రాలేదు. దాన్ని మాత్రం తప్పుల లిస్టులో ఎవరూ రాయరు. మీరు రాశారా?

ప్రశ్న: 2013 ఫైనల్స్ ఆరో గేమ్‌లో తన ఆటగాడు టిమ్ డంకన్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టిన శాన్ ఆంటోనియో కోచ్ పొపోవిచ్‌ని నేను క్షమించలేను. అంత పెద్ద కోచ్‌కి ఆ మాత్రం తెలియదా?

జవాబు: తెలుసు. తెలిసే చేశాడు, అదే దీంట్లో ఉన్న మజా. శాన్ ఆంటోనియో 3-2తో సిరీస్‌లో ముందుంది. 28 సెకన్లు ఉండగా స్కోరు 94-89. ట్రోఫీ ఇవ్వడానికి కోర్టు చుట్టూ పసుపు తాడు పట్టుకుని సిబ్బంది రెడీగా ఉన్నారు, మయామీ అభిమానులు కొందరు అప్పటికే బయటికి నడిచారు. అలాంటప్పుడు ప్రత్యర్థికి కావాల్సింది త్రీలు, అంటే దూరపు లైను బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు. త్రీలు ఆపాలంటే బయట లైను దగ్గర చురుగ్గా కదులుతూ ఒకరి మనిషిని ఇంకొకరు అందుకునేవాళ్లు కావాలి. మయామీ సెంటర్ (రింగ్ దగ్గర ఆడే పొడగరి) క్రిస్ బాష్ కూడా బయటి నుంచి షాట్ వేయగలడు, 37 ఏళ్ల డంకన్ అతని వెంట పరిగెత్తడం కష్టం. ఈ లెక్కలో తప్పేం లేదు.

లెక్క కుదిరింది కూడా, అప్పట్లో మయామీకి ఆడిన లెబ్రాన్ వేసిన మొదటి షాట్ తప్పింది. కానీ తప్పిన బంతిని పట్టేవాడు రింగ్ కింద లేడు. అది మయామీకే దొరికి, మళ్లీ లెబ్రాన్‌కి చేరి త్రీ పడింది, 94-92. శాన్ ఆంటోనియో ఒక ఫ్రీ త్రో వేసి 95-92 చేసింది. మరి రెండోసారి? సరిగ్గా అదే కథ. లెబ్రాన్ షాట్ తప్పింది, డంకన్ బెంచ్ మీదే ఉన్నాడు, బాష్ రీబౌండ్ అందుకున్నాడు, మయామీ ఆటగాడు రే అలెన్ వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ కార్నర్‌కి చేరాడు, కిందికి చూడకుండానే కాళ్లు లైను వెనక పెట్టి వేసేశాడు. 5.2 సెకన్లు ఉండగా 95-95. మొదటిసారిది లెక్క, ఒప్పుకుంటా. ఒకసారి రీబౌండ్ పోయాక కూడా అదే జట్టుతో అదే పని చేయడాన్ని మాత్రం నేనూ సమర్థించలేను. ఆ రాత్రి డంకన్‌వి 30 పాయింట్లు, 17 రీబౌండ్లు మరి!

అయితే మధ్యలో ఇంకో రెండు చిన్న విషయాలున్నాయి. 28 సెకన్ల దగ్గర శాన్ ఆంటోనియో ఆటగాడు మానూ జినోబిలి రెండు ఫ్రీ త్రోల్లో ఒకటి వదిలేశాడు. 19 సెకన్ల దగ్గర అదే జట్టు ఆటగాడు కవాయ్ లెనర్డ్ కూడా రెండింట్లో ఒకటి వదిలాడు. ఆ రెండింట్లో ఏ ఒక్కటి పడినా రే అలెన్ త్రీతో స్కోరు సమం అయ్యేదే కాదు, డంకన్ ఎక్కడ కూర్చున్నాడని మనం అడిగేవాళ్లమూ కాదు. మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా కావాలని ఫౌల్ చేసి, ప్రత్యర్థికి రెండు ఫ్రీ త్రోలే మిగల్చొచ్చు కదా అని ఇంకో ఇద్దరు పాఠకులు అడిగారు. చేయొచ్చు. షాట్ వేస్తుండగా చేయి తగిలితే మూడు ఫ్రీ త్రోలు ఇచ్చుకోవాల్సి వస్తుంది, ఆ భయంతో చాలామంది కోచ్‌లు వెనకాడతారు. నేనైతే ఫౌల్ చేయించేవాణ్నే. చేతిలో విజిల్ లేనివాడికి ధైర్యం ఎక్కువ లెండి.

ఏడో గేమ్‌లో నిమిషం లోపు ఉండగా సమం చేసే షాట్ డంకన్‌కే వచ్చింది, తప్పాడు, మళ్లీ తట్టినా పడలేదు, నేల మీద రెండు చేతులతో కొట్టాడు, టైటిల్ మయామీకి పోయింది. మరుసటి ఏడాది అదే మయామీని శాన్ ఆంటోనియో వాళ్లు 4-1తో ఓడించారు, నాలుగు గెలుపుల్లో ఏదీ 15 పాయింట్లకు తక్కువ కాదు.

ప్రశ్న: ఒక్క గేమ్‌లో వరసగా నాలుగు ఫ్రీ త్రోలు వదిలిన నిక్ ఆండర్సన్ కన్నా ఘోరం ఎవరైనా ఉన్నారా సార్?

జవాబు: ఘోరం అనకండి, ఆ మనిషి కథ వింటే బాధేస్తుంది. 1995 ఫైనల్స్, మొదటి గేమ్, అతని జట్టు ఓర్లాండో సొంత కోర్టు. హ్యూస్టన్ మీద 110-107తో ముందున్నారు, 10.5 సెకన్లు ఉన్నాయి. రెండు వదిలాడు, ఆ తప్పిన బంతిని తానే పట్టుకున్నాడు, మళ్లీ ఫౌల్ రాబట్టాడు, మళ్లీ రెండూ వదిలాడు. హ్యూస్టన్ ఆటగాడు కెనీ స్మిత్ త్రీతో సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో అతని సహచరుడు హకీమ్ ఒలాజువాన్ చివరి క్షణంలో తట్టిన బంతితో 120-118. సిరీస్ 4-0. అంతకు ముందు ఓర్లాండో 20 పాయింట్ల ఆధిక్యాన్ని కరిగించుకుందని ఎవరికి గుర్తుంది? అదే ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) షికాగో మీద మైకేల్ జోర్డాన్ చేతిలోంచి బంతి వెనక నుంచి కొట్టేసి గేమ్ గెలిపించింది కూడా ఈ ఆండర్సనే. ఆ సీజన్‌లో 70 శాతం ఫ్రీ త్రోలు వేసినవాడు 1996-97కి 40 శాతానికి పడిపోయాడు. ఒక్క గేమ్ ఓటమి కన్నా అతను కట్టిన ఈ మూల్యమే నాకు పెద్దదనిపిస్తుంది.

ప్రశ్న: 2016 ఫైనల్స్‌లో 3-1 ఆధిక్యం నుంచి క్లీవ్‌లాండ్ చేతిలో గోల్డెన్ స్టేట్ ఓడిపోవడానికి కారణం స్టెఫ్ కరీ. ఏడో గేమ్‌లో వీపు వెనక నుంచి వేసిన ఆ పాస్ చూస్తే నాకిప్పటికీ బీపీ పెరుగుతుంది.

జవాబు: పెరగాల్సిందే. కొన్ని నిమిషాలే ఉన్న ఏడో గేమ్‌లో మామూలుగా ఇస్తే సరిపోయే బంతిని స్టయిల్‌గా బయటికి విసిరేశాడు. 19 షాట్లకు 6 పడ్డాయి. ఇంతవరకు మీతోనే ఉన్నా. కానీ ఈ సిరీస్ చేజారడం మొదలైంది నాలుగో గేమ్ చివర్లో. గోల్డెన్ స్టేట్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ చెయ్యి, మళ్లీ క్లీవ్‌లాండ్‌లో ఉన్న లెబ్రాన్‌కి తగలరాని చోట తగిలింది, దాన్ని తర్వాత ఫ్లాగ్రంట్ (మొరటు) ఫౌల్‌గా మార్చారు. ప్లేఆఫ్స్‌లో ఫ్లాగ్రంట్ పాయింట్లు నాలుగైతే ఒక గేమ్ నిషేధం, గ్రీన్‌కి అప్పటికే మూడున్నాయి. మూడు పెట్టుకుని మనిషి ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాలి! అతను లేని ఐదో గేమ్‌లో లెబ్రాన్, అతని సహచరుడు కైరీ అర్వింగ్ చెరో 41 కొట్టారు. అదే గేమ్‌లో గోల్డెన్ స్టేట్ సెంటర్ ఆండ్రూ బోగట్ మోకాలికి గాయమై సిరీస్‌కే దూరమయ్యాడు.

బోగట్ లేడు కాబట్టే ఏడో గేమ్ ఆఖరి ఆరు నిమిషాల్లో ఫెస్టస్ ఎజీలీ కోర్టులో ఉన్నాడు. త్రీ లైను దగ్గర లెబ్రాన్ షాట్ వేస్తున్నట్టు ఊరికే కదిలాడు, ఎజీలీ గాల్లోకి లేచాడు, ఫౌల్. మూడు ఫ్రీ త్రోలూ పడ్డాయి. కాసేపటికే అదే ఎజీలీ మీద నుంచి త్రీ. మొత్తం ఆరు పాయింట్లు, గేమ్ తేడా నాలుగు. 89-89 తర్వాత చివరి 4 నిమిషాల 39 సెకన్లలో గోల్డెన్ స్టేట్ ఒక్క పాయింటు కూడా చేయలేదు. హారిసన్ బార్న్స్ సంగతి చెప్పనేలేదు, చివరి మూడు గేముల్లో 32 షాట్లకు 5. గమ్మత్తేమిటంటే ఏడో గేమ్‌లో ఆ జట్టు తరఫున బాగా ఆడింది మళ్లీ గ్రీనే, 32 పాయింట్లు, 15 రీబౌండ్లు. ఓటమికి బీజం వేసిందీ అతనే, చివరిదాకా నిలబడిందీ అతనే. కరీ పాస్ కన్నా నాకు ఇదే ఎక్కువ మండుతుంది.

ప్రశ్న: ఓడిన జట్టు ఆటగాడికి ఫైనల్స్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చు, ఒక్కసారే ఇచ్చారు. 1969లో లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కి. ఏడో గేమ్‌లో తొడ కండరం పట్టేసినా 42 పాయింట్లు కొట్టాడు, బోస్టన్ 108-106తో గెలిచింది. గెలుస్తామన్న ధీమాతో లేకర్స్ యజమాని స్టేడియం పైకప్పుకి ముందే బెలూన్లు కట్టించాడు, అది చూసి బోస్టన్ వాళ్లకి ఇంకా పట్టుదల పెరిగింది. తప్పుల పోటీ పెడితే నా మొదటి బహుమతి ఆ బెలూన్లకే. 2015లో ఓడిన క్లీవ్‌లాండ్ తరఫున లెబ్రాన్ సగటున 35.8 పాయింట్లు చేసినా 11 ఓట్లలో 7 గెలిచిన గోల్డెన్ స్టేట్ ఆటగాడు ఆండ్రే ఇగ్వొడాలాకి పడ్డాయి. నా ఓటు ఉంటే లెబ్రాన్‌కే వేసేవాణ్ని.

ప్రశ్న: 2025లో పిక్క పట్టేసిన టైరీస్ హాలిబర్టన్‌ని ఏడో గేమ్ ఆడించడం ఇండియానా చేసిన నేరం కాదా?

జవాబు: నేరం అనేది పెద్ద మాట. మొదటి గేమ్‌లో ఒక్క ఫస్ట్ హాఫ్‌లోనే 19 టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడాలు) ఇచ్చుకున్న జట్టుని 0.3 సెకన్లు ఉండగా షాట్‌తో గెలిపించింది అతనే. ఐదో గేమ్‌లో పిక్క దెబ్బతో వేసిన షాట్ ఒక్కటీ పడలేదు, అయినా ఆరో గేమ్ ఆడాడు, జట్టు 17 పాయింట్ల తేడాతో గెలిచింది. ఏడో గేమ్ మొదటి క్వార్టర్‌లోనే మూడు త్రీలు వేసి, ఆ వెంటనే మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగి కూలబడ్డాడు. ఓక్లహోమా సిటీ 103-91తో గెలిచింది. తర్వాతి సీజన్ మొత్తం పోయింది. ఆడినందుకు చింత లేదని అతనే చెప్పాడు.

2019లో డ్యురాంట్‌కీ ఇలాగే జరిగింది, పిక్క గాయం నుంచి తిరిగొచ్చిన ఐదో గేమ్‌లో 12 నిమిషాల్లో 11 పాయింట్లు కొట్టి, అతనూ అకిలిస్ టెండన్ తెగి వెళ్లిపోయాడు. నిందించాలంటే నన్ను నిందించండని గోల్డెన్ స్టేట్ అప్పటి జనరల్ మేనేజర్ బాబ్ మైయర్స్ కన్నీళ్లతో అన్నాడు. హాలిబర్టన్‌ది జట్టు టైటిల్‌కి ఒక్క గేమ్ దూరంలో ఉన్నప్పుడు అతనే కోరుకున్న ఆట. నేను తప్పు పట్టను. డ్యురాంట్ సంగతి వేరు, అతను నెల రోజులు ఆడకుండా వచ్చాడు, అక్కడ జట్టు పెద్దలు ఇంకాస్త ఆగి ఉండాల్సింది. ఇందులో మీరు ఒప్పుకోకపోయినా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: టైమౌట్లు అయిపోయాక టైమౌట్ అడిగితే ఏమవుతుంది? గ్రీన్ అలా అడిగాడని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే, 2019 ఆరో గేమ్. టొరంటో 111-110తో ముందుంది, కరీ త్రీ తప్పింది, కిందపడిన బంతి మీద పడి గ్రీన్ టైమౌట్ అడిగాడు, అప్పటికి ఉన్నది 0.9 సెకన్లు. టైమౌట్ లేకుండా అడిగితే టెక్నికల్ ఫౌల్, ప్రత్యర్థికి ఒక ఫ్రీ త్రో, పైగా బంతి వాళ్లకే. అప్పటికి టొరంటోలో ఉన్న లెనర్డ్ అదీ వేశాడు, ఆ తర్వాత ఇంకో రెండూ వేశాడు, 114-110, టొరంటోకి మొట్టమొదటి టైటిల్. దీన్ని మాత్రం గ్రీన్ ఖాతాలో వేయకండి. నేల మీద పడి ఉన్న మనిషి 0.9 సెకన్లలో ఇంకేం చేస్తాడు?